మంచుకొండల్లో ఏడు రోజులు

మన దక్షిణాదిలో మంచు అంటే తెల్లవారుజామున గడ్డిపోచల మీద నిలిచే నీటిబొట్టు. పుష్యమాసంలో పొలాల మీద పొగలా కమ్ముకొని, పొద్దెక్కేసరికి మాయమైపోయేది. కాని ప్రపంచంలో కొన్నిచోట్ల వాన కురిసినట్టే ఆకాశం నుంచి మంచు కురుస్తుంది. ఏకిన దూదిలా నేల మీద పేరుకొంటుంది. నెలల తరబడి కరగదు. కొన్నిచోట్ల మోకాలి లోతు, మరికొన్నిచోట్ల నిలువెత్తు లోతు ఉంటుంది. అటువంటి నేల మీద అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. మరి అక్కడి మనుషులు మంచుకొండలను దాటి ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎలా వెళ్ళగలుగుతున్నారు?

బురదలో కాలు దిగబడుతుంటే మనం ఏం చేస్తాం? ఒక పలక తెచ్చి వేసి, దాని మీద నడుస్తాం. బరువు ఎక్కువ చోటులో సర్దుకొంటే కాలు దిగబడదు. స్కీకి ఆధారం ఈ చిన్న సూత్రమే. స్కీ అంటే పొడవైన, సన్నని పలక. దాని ముందుకొన కొద్దిగా పైకి వంగి ఉంటుంది. కాలికొకటి చొప్పున వీటిని బూట్లకు తగిలించుకొంటారు. ఒక బూటు అడుగుభాగం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు ఉందనుకొందాం. 170 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు గల స్కీ వైశాల్యం సుమారు 1,500 చదరపు సెంటీమీటర్లు. అంటే మనిషి బరువు ఆరింతల చోటులో సర్దుకొంటుందన్నమాట. స్కీ అనే మాట ఉత్తర ఐరోపాలోని నార్వే భాష నుంచి వచ్చింది. చీల్చిన చెక్క అని దాని మూలార్థం. ఆ ప్రాంతాల ప్రజలు కొన్నివేల సంవత్సరాలుగా వేటకు, ప్రయాణాలకు స్కీలను వాడుతున్నారు.

స్కీల మీద వాలు దిగడం సులభంగానే అర్థమవుతుంది. నున్నని పలక మంచు మీద జారుతుంది. మరి అదే పలకతో కొండ ఎక్కడం ఎలా? ముందుకు ఒక అడుగు వేస్తే వెనక్కు రెండడుగులు జారిపోమా? ఈ చిక్కును విప్పడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. మీరు పిల్లి వీపును తల నుంచి తోక వైపుకు నిమిరితే చెయ్యి నున్నగా జారిపోతుంది. తోక నుంచి తల వైపుకు నిమిరితే వెంట్రుకలు ఎదురు తిరుగుతాయి. పూర్వం సీలు అనే సముద్ర జంతువు చర్మాన్ని పట్టీగా కోసి, స్కీ అడుగున కట్టుకొనేవారు. స్కీ ముందుకు జరిగేటప్పుడు వెంట్రుకలు పడుకొంటాయి. వెనక్కు జారబోతే లేచి మంచును పట్టుకొంటాయి. ఈనాడు ఆ పట్టీలను ఒక జాతి మేక వెంట్రుకలతోగాని, నైలానుతోగాని తయారుచేస్తున్నారు. కొండ ఎక్కేటప్పుడు అడుగున అంటిస్తారు. శిఖరం చేరాక ఊడదీసి, మడిచి సంచిలో పెట్టుకొంటారు.

బూటు బిగింపులోనూ ఒక యుక్తి ఉంది. ఎక్కేటప్పుడు బూటు ముందుభాగం మాత్రమే స్కీకి అతుక్కొని ఉంటుంది. మడమ లేస్తూ పడుతూ ఉంటుంది కనుక మామూలుగా నడిచినట్టే అడుగులు వేయవచ్చు. దిగేటప్పుడు మడమను కూడా బిగిస్తారు. ఇలా తమ కాళ్ళ బలంతోనే కొండలు ఎక్కి, అవతలి వాలున జారి దిగుతూ, రోజుల తరబడి సాగించే ప్రయాణాన్ని స్కీ యాత్ర అంటారు.

ఐరోపాలో ఇటువంటి యాత్రలకు పేరుపొందిన దారి ఒకటి ఉంది. ఆల్ప్స్ పర్వతాల్లో ఫ్రాన్సు దేశపు షమోనీ నుంచి స్విట్జర్లాండు దేశపు జెర్మట్ వరకు అది సాగుతుంది. దాని పేరు ఓట్ రూట్. ఫ్రెంచి భాషలో ఎత్తయిన దారి అని దాని అర్థం. పేరుకు దారేగాని అక్కడ బాట ఉండదు, మైలురాళ్ళు ఉండవు. హిమానీనదాలు, వాటి మధ్య కనుమలు, అక్కడక్కడ రాత్రి తలదాచుకొనే విడుదులు, అంతే. తమిళనాడులోని నీలగిరుల్లో అన్నిటికంటె ఎత్తయిన దొడ్డబెట్ట 2,637 మీటర్లు ఉంటుంది. ఈ దారిలో మొదటి రాత్రి బస చేసే అర్జాంతియేర్ విడిదే 2,771 మీటర్ల ఎత్తున ఉంది. మన దొడ్డబెట్ట శిఖరం కంటె పై ఎత్తున వారి పడక అన్నమాట.

1861లో ఆంగ్లేయ పర్వతారోహకులు వేసవిలో కాలినడకన ఈ దారిని కనుగొన్నారు. 1903లో షమోనీకి చెందిన పాయో అనే వైద్యుడు కొందరు గైడులతో కలిసి స్కీల మీద దీనిని దాటడానికి పూనుకొన్నాడు. 1911 నాటికి స్కీల మీద యాత్ర పూర్తిగా సాధ్యమైంది. ఈనాడు ఏటా మార్చి నడుమ నుంచి మే మొదటి రోజుల వరకు ఎందరో ఈ దారిన వెళుతున్నారు. నడి చలికాలంలో వెళ్ళరు. అప్పుడు పగలు చిన్నది, చలి తీవ్రమైనది. హిమానీనదాల పగుళ్ళ మీద మంచు ఇంకా గట్టిపడి ఉండదు. వసంతం వచ్చేసరికి పగలు పొడవవుతుంది, మంచు కుదురుకొంటుంది.

అయిదుగురు మిత్రులు ఈ యాత్రకు బయలుదేరారనుకొందాం. ముగ్గురు పురుషులు, ఇద్దరు స్త్రీలు. అందరికీ స్కీల మీద తిరగడం వచ్చు. అయినా అందరి బలం ఒకటి కాదు. ఒకరు వేగంగా ఎక్కగలరు, మరొకరు చక్కగా దిగగలరు, ఇంకొకరికి పటం చదవడం బాగా వచ్చు. వారితో అనుభవజ్ఞుడైన ఒక గైడు కూడా ఉన్నాడు. వారి వెంట మనమూ వెళదాం.

బయలుదేరే ముందు రాత్రి వారు సంచులు సర్దుకొంటారు. సంచి ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. ఒక జత మార్పు బట్టలు, వెచ్చని పై కోటు, రెండు జతల చేతితొడుగులు, నల్లకళ్ళద్దాలు, కొంచెం తిండి, నీళ్ళు. నల్లకళ్ళద్దాలు సోకు కోసం కాదు. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో ఎనభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. అద్దాలు లేకుండా ఒక్క పగలు తిరిగినా కళ్ళు మండి, చూపు తాత్కాలికంగా పోవచ్చు. వీటితోపాటు తాడు, నడుముకు కట్టుకొనే పట్టీ, మంచుగొడ్డలి, బూట్ల కింద తగిలించుకొనే ఇనుపముళ్ళు ఉంటాయి.

ఇంకొక మూడు వస్తువులు ఉన్నాయి. ఇవి లేనివారిని గైడు వెంట తీసుకుపోడు. మొదటిది ఛాతీకి కట్టుకొనే చిన్న సంకేత యంత్రం. అది నిరంతరం 457 కిలోహెర్ట్‌జ్ రేడియో సంకేతాన్ని పంపుతూ ఉంటుంది. ఎవరైనా మంచుకింద కూరుకుపోతే మిగిలినవారు తమ యంత్రాలను వెదికే స్థితికి మార్చి, ఆ సంకేతం వచ్చే చోటు కనుగొంటారు. రెండవది మడతలు విప్పితే రెండున్నర మీటర్ల పొడవు సాగే సన్నని కడ్డీ. దానిని మంచులో గుచ్చి మనిషి ఎంత లోతున ఉన్నాడో తెలుసుకొంటారు. మూడవది తవ్వడానికి పార. ఒక సంగతి గమనించండి. వీటిలో ఏదీ మోసేవాడిని తానుగా కాపాడుకోనివ్వదు. నా సంచిలోని పార నా మిత్రుని కోసం, అతని సంచిలోని పార నా కోసం.

ఇంత పట్టుదల ఎందుకంటే, మంచుచరియ కింద కూరుకుపోయినవారిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటకు తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఎక్కువమంది బతకరు. హెలికాప్టరు ఎంత త్వరగా వచ్చినా అంతలోగా రావడం అరుదు. ఆ కొద్ది నిమిషాల్లో వైద్యుడైనా, దేవుడైనా పక్కనున్న మిత్రుడే. అందుకే మొదటి రోజు ఉదయం గైడు ఒక సంకేత యంత్రాన్ని మంచులో పాతిపెట్టి, అందరిచేత వెదికిస్తాడు. ఒకసారి కాదు, చేతులకు అలవాటు అయ్యేవరకు.

మొదటి రోజు వారు అర్జాంతియేర్ హిమానీనదం మీదుగా నడిచి విడిది చేరుతారు. హిమానీనదం అంటే కదిలే మంచునది. ఏళ్ళ తరబడి పడిన మంచు తన బరువుకు తానే నొక్కుకొని గట్టి గాజులా మారుతుంది. మన కంటికి కదలనట్టు కనిపించినా కొండవాలున మెల్లగా జరుగుతూ ఉంటుంది. అలా జరిగేటప్పుడు వంపుల దగ్గర, మిట్టల దగ్గర పగుళ్ళు ఏర్పడతాయి. కొన్ని పగుళ్ళు పదుల మీటర్ల లోతుంటాయి. వాటి మీద కొత్త మంచు వంతెనలా కప్పుకొని ఉంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నూతి మీద చాప పరచినట్టు ఉంటుంది. అందువల్ల పగుళ్ళున్న చోట మిత్రులంతా ఒకే తాడుకు ఎడంఎడంగా కట్టుకొని నడుస్తారు. ఒకరి కింద మంచు కుంగితే మిగిలినవారు వెంటనే కూలబడి, తమ బరువుతో తాడును బిగబట్టి ఆపుతారు. తాడు ఎప్పుడూ మరీ వదులుగా ఉండరాదు. మాటల్లో పడి దగ్గరదగ్గరగా నడిచారో, తాడు ఉన్నా లేనట్టే.

రెండవ రోజు 3,323 మీటర్ల ఎత్తున ఉన్న షార్దొనే కనుమ ఎక్కాలి. కనుమ మీద అడుగు పెట్టగానే ఫ్రాన్సు ముగిసి, స్విట్జర్లాండు మొదలవుతుంది. అవతలి వైపు నిటారుగా ఉంటుంది. చాలామంది తాడు పట్టుకొని ఒక్కొక్కరుగా దిగుతారు. తరువాత మరొక చిన్న కనుమ దాటి, విశాలమైన మంచుమైదానం మీదుగా త్రియాన్ విడిదికి చేరుతారు. ఎక్కేటప్పుడు ఎవరూ పరుగెత్తరు. నిటారు వాలున అటూ ఇటూ మలుపులు తిరుగుతూ ఎక్కుతారు. గంటకు మూడు, నాలుగు వందల మీటర్ల ఎత్తు ఎక్కితే మంచి వేగమే. అందరిలో నెమ్మదిగా నడిచే మనిషి వేగమే బృందం వేగం. ముందు నడిచేవారు ఆమెకోసం ఆగి, ఆమె రాగానే మళ్ళీ బయలుదేరరాదు. ఆగినవారికి విశ్రాంతి దొరికింది, ఆమెకు దొరకలేదు కదా! అలసిన మనిషి తరువాతి వాలున పడిపోతే ఆ నష్టం అందరిదీ.

సాయంత్రం విడిదిలో ఎలా ఉంటుందో చూద్దాం. స్విట్జర్లాండులోని ఇటువంటి విడుదుల్లో ఎన్నింటినో 1863లో స్థాపించిన స్విస్ ఆల్పైన్ క్లబ్బు నడుపుతున్నది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి అరలో పెట్టి, విడిదివారి చెప్పులు తొడుక్కోవాలి. చెమటకు తడిసిన బట్టలు పొయ్యి పక్కన ఆరవేసుకోవాలి. చాలా విడుదుల్లో మంచు కరిగిస్తేనే నీళ్ళు, కనుక స్నానం ఊసే ఉండదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. 3,000 మీటర్ల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతుంది. పప్పు ఉడకాలంటే ఎక్కువసేపు పడుతుందన్నమాట. రాత్రి భోజనం పెందలాడే వడ్డిస్తారు. వేడి చారు, రొట్టె, ఏదైనా కూర. పొడవైన బల్లల దగ్గర ఏ దేశంవారైనా పక్కపక్కనే కూర్చుంటారు. పడక గదిలో వరుసగా పరుపులు. విడిది కాపరి లేని కాలంలో కూడా ఒక గది తలుపు తెరిచే ఉంచుతారు. అందులో కంబళ్ళు, కట్టెలు ఉంటాయి. దారి తప్పినవారు వచ్చి తలదాచుకొని, వాడుకొన్నదానికి డబ్బు చెల్లిస్తారు. అడిగేవారు ఉండరు. అయినా ఆ పద్ధతి తరాలుగా సాగుతున్నది.

మూడవ రోజు లోయలోకి దిగి, వెర్బియే ఊరి మీదుగా మాన్ ఫోర్ విడిది చేరుతారు. నాలుగవ రోజు రోజాబ్లాంష్ అనే 3,336 మీటర్ల శిఖరం మీదుగా ప్రాఫ్లరి విడిదికి వెళతారు. ఇక్కడి నుంచి మంచుచరియల భయం గురించి ఎక్కువగా ఆలోచించవలసి వస్తుంది.

మంచుచరియ ఎందుకు విరిగిపడుతుంది? కొండవాలు మీద మంచు ఒక్కసారిగా పేరుకోదు. ఒక్కొక్క తుఫానుకు ఒక్కొక్క పొరగా పడుతుంది. ఒక పొర గట్టిగా, ఒక పొర పంచదారలా పొడిపొడిగా ఉండవచ్చు. పొడి పొర మీద గట్టి పొర పడితే అది ఆవాలు చల్లిన పలక మీద పెట్టిన మరో పలకలాంటిది. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉన్నచోట ఇది ఎక్కువ ప్రమాదకరం. అంతకంటె తక్కువ వాలున మంచు సాధారణంగా నిలుస్తుంది. మరీ నిటారైతే పేరుకోకుండా అప్పటికప్పుడే జారిపోతుంది. స్కీ యాత్రికులు ఇష్టపడేది సరిగ్గా ఆ మధ్య వాలునే. మంచుచరియలకు బలైనవారిలో చాలామంది విషయంలో ఆ చరియను కదిలించింది వారుగాని, వారి బృందంలోని మరొకరుగాని. కొండ తనంత తానుగా వారి మీద పడలేదు.

స్విట్జర్లాండులోని దావోస్ పట్టణంలో మంచును, మంచుచరియలను పరిశోధించే సంస్థ ఒకటి ఉంది. చలికాలంలో ప్రతిరోజూ అది ప్రమాద సూచన ప్రకటిస్తుంది. అందులో అయిదు స్థాయిలు ఉంటాయి. ఒకటి తక్కువ, అయిదు అత్యధికం. ఐరోపా దేశాలు 1993లో ఈ కొలతను ఒప్పుకొన్నాయి. ఏ స్థాయిలో ఎక్కువ ప్రాణాలు పోతాయో ఊహించండి. అయిదవ స్థాయి అనుకొంటారేమో! కాదు. మూడవ స్థాయి రోజున జరిగే ప్రమాదాలే ఎక్కువ. నాలుగు, అయిదు స్థాయిలు ఉన్న రోజు ఎవరూ గడప దాటరు. మూడు అంటే నడుమ అంకె కదా, ఫరవాలేదు అనుకొని బయలుదేరతారు. సగం మార్కులు వస్తే పరీక్ష గట్టెక్కినట్టేగాని, కొండల దగ్గర ఆ లెక్క చెల్లదు.

అయిదవ రోజు మన మిత్రులు చీకటితోనే బయలుదేరుతారు. దిక్సాన్స్ ఆనకట్ట వెనుక నిలిచిన పొడవాటి సరస్సు పక్క వాలుల మీదుగా వెళ్ళాలి. ఆ ఆనకట్ట 1961లో పూర్తయింది. దాని ఎత్తు 285 మీటర్లు. మన నాగార్జునసాగరం ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. అంటే అది సాగరానికి రెండింతలు దాటింది. రాత్రి చలికి మంచు పైపొర గట్టిపడి ఉంటుంది. ఎండ ఎక్కాక కరిగి, జావలా అయి, జారిపోతుంది. అందుకే వాలులను పొద్దెక్కకముందే దాటాలి. అనుమానమున్న చోట ఒకరి తరువాత ఒకరు దాటుతారు. మిగిలినవారు క్షేమమైన చోట నిలబడి, దాటుతున్నవారి మీద నుంచి కన్ను తిప్పకుండా చూస్తారు. చరియ పడితే ఆ మనిషి చివరిసారి ఎక్కడ కనిపించాడన్నది తెలిసి ఉండాలి. మధ్యాహ్నానికి 2,928 మీటర్ల ఎత్తున గుట్ట మీద ఉన్న డిక్స్ విడిది చేరుతారు.

ఆరవ రోజు యాత్రలో అన్నిటికంటె ఎత్తుకు ఎక్కాలి. పీన్ దరొల్లా శిఖరం ఎత్తు సుమారు 3,790 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండే దానిలో మూడింట రెండువంతుల కంటె తక్కువ. పది అడుగులకు ఒకసారి ఆయాసం తీర్చుకోవాలి. అవతలికి దిగితే విన్యెట్ విడిది. వాతావరణం బాగుంటే ఇది యాత్రలో అందరికీ ఇష్టమైన రోజు. కాని ఆ రాత్రి డిక్స్ విడిదిలో కాపరి తగిలించిన కాగితం మీద వాతావరణ సూచన వేరే మాట చెబుతోందనుకొందాం. మధ్యాహ్నం నుంచి బలమైన గాలి, మంచుతుఫాను. ఇప్పుడేం చేయాలి?

ఈ చోటనే 2018లో జరిగిన ఒక సంఘటనను తెలుసుకోవడం అవసరం. ఆ ఏడు ఏప్రిల్ 29న పద్నాలుగుమంది స్కీ యాత్రికులు ఈ శిఖరం దగ్గర తుఫానులో చిక్కుకొన్నారు. తుఫాను వస్తుందని సూచన ముందే ఉంది. మంచుగాలి కమ్మితే నేలకూ ఆకాశానికీ తేడా తెలియదు. మనిషిని పాలకుండలో ముంచినట్టు ఉంటుంది. పక్క మనిషి కనిపించడు, పైకి పోతున్నామో కిందికి పోతున్నామో తెలియదు. వారు దారి తప్పి, చీకటి పడ్డాక ఆరుబయటే ఆగిపోయారు. రాత్రంతా గాలి వీస్తూనే ఉంది. మర్నాడు ఉదయం వారిని కనుగొని హెలికాప్టర్లలో తరలించారు. ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వారు ఆగిన చోటికి విన్యెట్ విడిది సుమారు అరకిలోమీటరు దూరం మాత్రమే. వెచ్చని పొయ్యి, వేడి చారు, కంబళ్ళు అరకిలోమీటరులో ఉన్నాయి. బడి నుంచి బజారు వరకు మనం నడిచే దూరం అది.

వారు చేతకానివారు కారు. వారివద్ద మంచి బట్టలు, సాధనాలు ఉన్నాయి. బలమైన గాలిలో శరీరం వేడి వేగంగా పోతుంది. వేడి తగ్గేకొద్దీ వేళ్ళు పనిచేయవు, ఆ తరువాత ఆలోచన కూడా మందగిస్తుంది. అప్పుడు తెలివైన నిర్ణయం చేయడం ఎవరికైనా కష్టమే. కనుక నిర్ణయం ముందే, విడిదిలో వెచ్చగా కూర్చున్నప్పుడే చేయాలి. ఎన్ని గంటలకు ఏ చోటు చేరకపోతే వెనక్కు తిరగాలో కాగితం మీద రాసుకోవాలి. ఆ గంట వచ్చినప్పుడు ఇంకొంచెమే కదా అని సర్దుకొనిపోరాదు.

ఇక్కడ మిత్రబృందాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అయిదుగురిలో ఒకరి మనసులో అనుమానం మెదులుతుంది. కాని మిగిలినవారు ఉత్సాహంగా ఉన్నారు. సెలవులు తక్కువ. గైడుకు డబ్బు ఇచ్చాం. నేను వద్దంటే పిరికివాడినంటారేమో, అందరి ఆనందం పాడవుతుందేమో అని నోరు మూసుకొంటారు. విచిత్రమేమిటంటే పక్కవారు కూడా అదే అనుకొని ఊరుకొంటారు. అందరికీ అనుమానం ఉన్నా ఎవరూ మాట్లాడరు. ఒకరి మౌనాన్ని మరొకరు ధైర్యమనుకొంటారు. అందుకే తెలిసిన గైడులు విడిదిలో ఒక్కొక్కరినీ వేరువేరుగా అడుగుతారు. తక్కువ అనుభవమున్నవారిని మొదట అడుగుతారు. పెద్దవారు ముందు చెబితే చిన్నవారు తల ఊపుతారేగాని మనసులో మాట చెప్పరు. ఒక్కరు వద్దన్నా ఆ మాటను అందరూ ఆలోచించాలి, నవ్వరాదు.

మన అయిదుగురిలో అందరికంటె చిన్నదైన అమ్మాయి ఆ రాత్రి, “నాకు భయంగా ఉంది. రేపు వెళ్ళవద్దు” అన్నదనుకొందాం. కాసేపు ఎవరూ మాట్లాడరు. తరువాత పటం చదివే మిత్రుడు, “నాకూ అలాగే ఉంది” అంటాడు. గైడు తల ఊపుతాడు. మర్నాడు వారు శిఖరం ఎక్కరు. విడిదిలోనే ఆగిపోతారు. మధ్యాహ్నానికి కిటికీలు గడగడలాడతాయి. అయిదడుగుల దూరంలో ఉన్న కొయ్యస్తంభం కూడా కనిపించదు. వారు చీట్లాడుకొంటారు, చిరిగిన తొడుగులు కుట్టుకొంటారు. తుఫాను ఇంకా రెండు రోజులు నిలిస్తే యాత్ర అక్కడితో ఆపి లోయకు దిగిపోతారు. కొండ ఎక్కడికీ పోదు. మరుసటి ఏడు రావచ్చు.

తుఫాను వెలిసిందనుకొందాం. అప్పుడు కూడా వెంటనే పరుగెత్తరాదు. కొత్తగా పడిన మంచు కుదురుకోవాలి. సూచన చూసుకొని, గైడు సరేనన్న రోజున శిఖరం దాటి విన్యెట్ విడిది చేరుతారు. ఆ మర్నాడు చివరి మజిలీ. ఇది సుమారు 30 కిలోమీటర్లు ఉంటుంది. మూడు కనుమలు ఎక్కాలి. కొంతదూరం ఇటలీ నేల మీద కూడా నడవాలి. చివరిదైన వాల్పెలీన్ కనుమ మీద నిలబడితే ఎదురుగా 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం ఒంటరి గోపురంలా కనిపిస్తుంది. అక్కడ నుంచి దాదాపు 1,900 మీటర్లు దిగితే జెర్మట్. పెట్రోలు కార్లకు అనుమతి లేని ఊరు అది. వారం రోజుల తరువాత పచ్చని గడ్డి, పారే నీళ్ళు, పిల్లల కేకలు వారిని పలకరిస్తాయి.

ఈ దారి కూడా ఎప్పుడూ ఒకేలా ఉండడం లేదు. భూమి వేడెక్కుతున్నందువల్ల హిమానీనదాలు కుంచించుకుపోతున్నాయి. 2022, 2023 సంవత్సరాల్లోనే స్విట్జర్లాండు హిమానీనదాల్లోని మంచు పదోవంతు కరిగిపోయింది. మంచు అడుగంటిన చోట్ల రాళ్ళు బయటపడుతున్నాయి. ఒకప్పుడు సులభంగా దిగిన వాలు ఇప్పుడు నిటారుగా మారుతున్నది. నిన్నటి పటాన్ని నమ్మి నేడు నడవలేము. అనుభవమున్నవారు కూడా ప్రతి ఏడు కొత్తగా నేర్చుకోవలసిందే.

మనలో చాలామంది స్కీల మీద ఎప్పటికీ ఎక్కకపోవచ్చు. అయినా ఈ యాత్రలోని నీతి మనకు కొత్తది కాదు. ఏటికి వరద వచ్చినప్పుడు నలుగురు మిత్రులు గట్టున నిలబడతారు. ఈది పోదామని ఒకడు అంటాడు. మిగిలినవారికి భయమున్నా నోరు మెదపరు. ఆ క్షణంలో “వద్దురా, వెనక్కు పోదాం” అన్నవాడే నిజమైన స్నేహితుడు. ఆ మాటను విని ఆగినవాడు కూడా అంతే. మిత్రుని కోసం పార మోయడం, మిత్రుని వేగానికి తన అడుగు తగ్గించుకోవడం, మనసులోని భయాన్ని దాచకుండా చెప్పడం, ఈ మూడూ తెలిసినవారే మంచుకొండల నుంచి క్షేమంగా ఇల్లు చేరుతున్నారు.